అరుణకంఠి వలస వెళ్లిన వైనం

గరికపేట తంపరలో 1,648 కొంగలు కనిపించకుండా పోయాయి. అందుకు బాధ్యుడంటూ వాచర్ తవిటయ్యకు మెమో ఇచ్చారు. ఏడు రోజుల్లో కొంగలను చూపించాలి. లేకపోతే ఉద్యోగం పోతుంది, ఆపైన పోలీసు కేసు. తవిటయ్యకు యాభై నాలుగేళ్లు. పంతొమ్మిదేళ్లుగా ఆ తంపరకు కాపలా కాస్తున్నాడు.

ఈ వార్తలో నాకు తెలిసీ పత్రికలో రాని వివరం ఒకటుంది. ఆ 1,648 కొంగలూ ఒకటే కొంగ. అది సిమెంటుది. దాన్ని పక్షిని చేసింది నేను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ముప్పై ఒక్కేళ్లు విలేకరిగా పనిచేసినవాడికి అది కష్టం కాకూడదు.

మార్చి నెలాఖరులో మా పత్రిక ఫొటోగ్రాఫర్ పోస్టు ఎత్తేసింది. ఇకపై విలేకరులే ఫొటోలు తీయాలని సర్క్యులర్ వచ్చింది. నాకో కెమెరా, మూర పొడవు లెన్సు అప్పగించి సంతకం చేయించుకున్నారు. వారం తిరక్కుండా ఎడిషన్ ఇన్‌ఛార్జి లింగమూర్తి ఫోన్ చేశాడు.

"గురువుగారూ, వడదెబ్బ వార్తలు చదివి చదివి జనానికి విసుగొచ్చేసింది. చల్లగా ఏదైనా పంపండి. తంపరలో నడుస్తూ పక్షులు, అడవిపూలు. ఆదివారం ఫుల్ పేజీ."

తంపర అంటే మా వైపు ఎండాకాలంలోనూ పూర్తిగా ఎండని చిత్తడి నేల. గరికపేట తంపర రెండు వేల ఎకరాలు. ఏప్రిల్ మొదటి గురువారం ఉదయం ఆరు గంటలకు గట్టు ఎక్కాను. తొమ్మిదింటికి దిగాను. ఈలోపు 286 ఫొటోలు తీశాను. వాటిలో 190 పక్షి ఎగిరిపోయాక మిగిలిన గడ్డివి. 61 తోకలవి. 34 నా బొటనవేలివి.

పూలు ఎగిరిపోవు కదా అని వాటి మీద పడ్డాను. అడవిపూలు నేలబారుగా పూస్తాయి. వాటిని తీయాలంటే బోర్లా పడుకోవాలి. నేను పడుకున్న చోట పల్లేరు కూడా పూసింది. పల్లేరుకు పువ్వుతో పాటు కాయలుంటాయనీ, కాయలకు ముళ్లుంటాయనీ చిన్నప్పటి నుంచీ తెలుసు. కెమెరా మెడలో ఉంటే తెలిసినవి గుర్తుకు రావు.

286లో మిగిలింది ఒకటి. అవతలి గట్టు మీద, నాకు రెండు వందల మీటర్ల దూరంలో, ఒక కొంగ నిలబడి ఉంది. కాళ్ల దగ్గర నీలం విష్ణుక్రాంత పూసి ఉంది. కొంగ మెడకు ఎర్ర వలయం ఉంది. ఆ ఉదయం నన్ను చూసి ఎగరని పక్షి అదొక్కటే. నా ఓపికకు దక్కిన ఫలితం అనుకున్నాను. తుమ్మచెట్టు చాటున నక్కి, ఊపిరి బిగబట్టి తీశాను. ఇంటికొచ్చి పక్షుల పుస్తకం తిరగేస్తే మెడకు ఎర్ర వలయం ఉన్న కొంగ ఎక్కడా లేదు. పుస్తకంలో లేదు కాబట్టి అరుదైనదని తేల్చుకున్నాను. కళ్లజోడు మార్చుకోమని డాక్టరు చెప్పి అప్పటికి రెండేళ్లయింది.

ఫొటో కింద నేను రాసి పంపింది ఇది: "గరికపేట తంపరలో గురువారం కనిపించిన కొంగ. మెడకు ఎర్ర వలయం ఉంది."

ఆదివారం అచ్చయింది ఇది: "తంపర ఒడిలో అరుణకంఠి! సుదూర తీరాల నుంచి అలుపెరగక ఎగిరొచ్చిన అందాల అతిథి."

అరుణకంఠి అన్న పేరు లింగమూర్తి పెట్టాడు. కొంగకు పేరు లేకపోతే హెడ్డింగు కుదరలేదట.

మూడో రోజు, అంటే మంగళవారం, ఫాలో అప్ రాయడానికి మళ్లీ తంపరకు వెళ్లాను. గట్టు మీద తవిటయ్య ఎదురొచ్చాడు.

"బావూ, పేపర్లో మన కొంగ పడ్డాదట గదా."

"అవును తవిటయ్యా. అది ఎప్పటి నుంచి వస్తోంది ఇక్కడికి?"

"రావడవేటి బావూ? ఎనిమిదేళ్ల కిందట లారీలో తెచ్చి దించినారు."

నేను కెమెరా తెర మీద ఆ ఫొటో తీసి చూశాను. తవిటయ్య చెప్పుకుపోతున్నాడు.

"మొన్న మాఘమాసంలో మెడకాడ పగిలిపోనాది. పైవోలకి సెప్తే కాయితం ఎట్టమన్నారు. కాయితం ఎట్టినాను, ఎవులూ రానేదు. నానే ఇంత సిమెంటు పూసి, సరిహద్దు రాళ్లకి ఏసిన ఎర్రరంగు మిగిలిపోతే రాసేసినాను."

"నేను ఫొటో తీస్తుంటే చూశావా?"

"సూడకేం? నక్కి నక్కి తీసినారు. అది ఎగిరిపోద్దన్నట్టు."

"మరి చెప్పలేదేం?"

"సదూకున్నోలు బావూ మీరు. ఫొటో అలగే తియ్యాల కాబోలనుకున్నాను."

ఇద్దరం అవతలి గట్టుకు నడిచాం. కొంగ మెడ మీద వేలి కణుపుతో కొట్టాను. టక్కుమంది. పీఠం మీద దాన్ని తయారు చేసిన మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి.

అక్కడి నుంచే లింగమూర్తికి ఫోన్ చేసి సవరణ వేయమన్నాను.

"సవరణా? ఎవరైనా ఫిర్యాదు చేశారా గురువుగారూ?"

"ఎవరు చేస్తారు?"

"బాధితులు. అంటే, ఆ పక్షి."

"అది సిమెంటుదయ్యా."

"అయితే చెయ్యదు. మనం సవరణ వేసేది మనుషుల పేర్లు తప్పుపడితేనే కదా. పైగా పాఠకుల నుంచి రెండు వందల ఫోన్లు వచ్చాయి. పొద్దున మేనేజింగ్ డైరెక్టరుగారి భార్య కూడా మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆవిడకు ఏం చెబుదాం?"

రేపు గట్టిగా అడుగుదామనుకున్నాను. ముప్పై ఒక్కేళ్లలో నేను వేయించిన సవరణలు నాలుగు. నాలుగూ వేరేవాళ్ల తప్పులకే.

మర్నాడు చిత్తడి నేలల ప్రత్యేకాధికారి గోవర్ధన పట్నాయక్ టెలీకాన్ఫరెన్స్ పెట్టారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. అందులో ఇలా ఉంది: "పత్రికా ముఖంగా వెలుగులోకి వచ్చిన అరుణకంఠి విషయమై, సదరు జీవవైవిధ్యాన్ని ప్రజా ఉద్యమంగా మలచు నిమిత్తం, మండలంలోని 412 మంది సిబ్బంది ప్రతి శనివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు తంపరలో నడక నిర్వహించి, తలా ఒక పక్షి, ఒక అడవిపువ్వు ఫొటోలను యాప్‌నందు అప్‌లోడ్ చేయవలెను. శతశాతం లక్ష్యం సాధించని వారి నుంచి వివరణ కోరబడును."

సవరణ వేయించడానికి అది ఆఖరి అవకాశమని నాకు తెలుసు. ఉత్తర్వును వార్తగా రాసి పంపాను.

తొలి శనివారం 412 మంది వచ్చారు. టీచర్లు, నర్సులు, లైన్‌మన్‌లు, సర్వేయర్లు. మనిషికో ఫోను, మంచినీళ్ల సీసా. అంతమంది ఒక్కసారి గట్టెక్కేసరికి తంపరలో ఉన్న పక్షులు ఉత్తరం వైపు లేచిపోయాయి. గరికపేట సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌గా పనిచేసే హైమవతి మాత్రం ఐదున్నరకే వచ్చి లకుముకి పిట్టను తీసింది. నోట్లో చేప ఉంది. చేప కన్ను కూడా కనిపిస్తోంది. నా జీతం పెట్టి కొన్నా అలాంటి ఫొటో నాకు రాదు. ఆమె దాన్ని అప్‌లోడ్ చేసింది. "ఇది పక్షి కాదు. మళ్లీ ప్రయత్నించండి" అని యాప్ జవాబిచ్చింది.

కారణం తర్వాత తెలిసింది. యాప్ తయారు చేసిన కంపెనీకి గరికపేట తంపర పక్షి ఎలా ఉంటుందో నమూనా కావాల్సి వచ్చింది. మా పత్రికలో వచ్చిన ఫొటో ఇచ్చారు. దానితో పోలినదే పక్షి. పోలనిది పక్షి కాదు.

ఎనిమిదింపావుకు ఒక లైన్‌మన్ విసుగొచ్చి సిమెంటు కొంగను తీశాడు. యాప్‌లో పచ్చ టిక్కు పడింది. అతను గట్టు మీద నుంచి కేకేశాడు. ఎనిమిదిన్నరకల్లా కొంగ ముందు క్యూ కట్టారు. తవిటయ్య ఎక్కడి నుంచో తాడు తెచ్చి కట్టాడు.

"ఆడోలు ఇటు, మొగోలు అటు! తోసుకోకండి! అదెక్కడికీ ఎలిపోదు!"

హైమవతి ఫొటో తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"సర్, ఆదివారం మీ పేపర్లో వేసింది దీన్నే కదా?"

"దీన్నే."

"ఇది సిమెంటుది సర్."

"అవునమ్మా."

"మీకు తెలుసా?"

"మంగళవారం తెలిసింది."

"మరి రాయలేదేం సర్?"

"నువ్వు అప్‌లోడ్ చేశావా?"

"చేశాను. తొమ్మిదికి క్లోజయిపోతుంది కదా సర్."



పువ్వు సంగతి కూడా చెప్పాలి. కొంగ కాళ్ల దగ్గరున్న విష్ణుక్రాంత 412 మంది మోకాళ్ల కింద నలిగింది. రెండో శనివారానికి ఆ మొక్క లేదు. ఎవరో నీలం రంగు చొక్కా గుండీని పుల్లకు గుచ్చి గడ్డిలో నిలబెట్టారు. యాప్ ఆమోదించింది. మూడో శనివారం గుండీని ఎవరో పట్టుకుపోతే ఒక హెడ్మాస్టరు తన చొక్కాది తెంపి ఇచ్చారు.

నాలుగు శనివారాలు గడిచాయి. 412 మంది, నాలుగు వారాలు, 1,648 ఫొటోలు. ఒక్కో ఫొటో ఒక్కో పక్షి కింద జమైంది. పట్నాయక్ గారు విలేకరుల సమావేశం పెట్టారు.

"సున్నా నుంచి 1,648. ముప్పై రోజుల్లో. దీన్ని వృద్ధి అనకండి, విప్లవం అనండి. క్షేత్రస్థాయి సిబ్బంది అంకితభావంతోనే ఈ సంతృప్త స్థాయి సాధ్యమైంది."

"గుడ్లు ఎప్పుడు పెట్టాయండీ?" అని వేరే పత్రిక విలేకరి అడిగాడు.

"ఆ సమాచారం క్రోడీకరిస్తున్నాం" అన్నారు ఆయన.

నేనేమీ అడగలేదు. రాసుకున్నాను. పట్నాయక్ గారు చెప్పినదంతా రాసి చివర "అని ఆయన తెలిపారు" అని చేర్చాను. మా వృత్తిలో ఆ మూడు మాటలు గొడుగులాంటివి. వాన ఎవరి మీద పడినా మన మీద పడదు.

వాన తవిటయ్య మీద పడింది. రాజధాని నుంచి ఆదేశం వచ్చింది. 1,648 పక్షులను ప్రత్యక్షంగా లెక్కించి ధ్రువీకరణ పంపాలి. మే పన్నెండున పట్నాయక్ గారు ఆరుగురితో తంపరకు వచ్చారు. ఎండ తలకెక్కక ముందే లెక్క ముగించారు. నత్తకొట్టు కొంగలు పద్దెనిమిది, నీటికోళ్లు తొమ్మిది, లకుముకి పిట్ట ఒకటి. అరుణకంఠి ఒక్కటీ లేదు. ఆయన అప్పటిదాకా అంకెలు చూశారు గాని ఫొటోలు చూడలేదు. సిమెంటు కొంగ వీపు మీద టోపీ పెట్టి, మొహం తుడుచుకుని, తవిటయ్యను పిలిచారు.

"ఏవయ్యా పక్షులు?"

"ఏ పక్షులు బావూ?"

"అరుణకంఠులు."

"అదొక్కటే గదా బావూ. మీ టోపీ కిందున్నాది."

ఆరుగురిలో ఒకరు నవ్వారట. పట్నాయక్ గారు నవ్వలేదు. విధుల్లో ఉన్న అధికారిని వాచర్ వెటకారం చేశాడన్నది మెమోలో మొదటి అభియోగం. రెండోది 1,648 కొంగలు.

మెమో పట్టుకుని తవిటయ్య మా ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఈ కాయితంలో ఏటున్నాదో సదివి సెప్పండి బావూ. మా అల్లుడు సదివినాడు గాని నానే నమ్మలేకపోనాను."

చదివాను.

"అంటే నాను దొంగనా?"

"దొంగవని అనలేదు. సంరక్షణలో లోపం వల్ల పక్షులు అదృశ్యమయ్యాయి అన్నారు."

"ఊర్లో అప్పుడే కొంగల దొంగ అంటన్నారు. నవ్వులాటకే అంటన్నారు, నానూ నవ్వినాను. కాని పని పోతే బావూ, ఈ వయసులో కొంగల దొంగని ఎవులెట్టుకుంటారు పనికి?"

ఆ మాటకు జవాబు నా దగ్గర ఉంది. జవాబు నేనే. ఆ మధ్యాహ్నం ఒక పేజీ వాంగ్మూలం రాసి సంతకం చేశాను. నేను తీసింది సిమెంటు కొంగ ఫొటో. చూసి తెలుసుకోలేకపోవడం నా తప్పు. తెలిశాక చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు. తవిటయ్యను వెంటబెట్టుకుని ప్రత్యేకాధికారి కార్యాలయానికి వెళ్లాను. అతన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టారు, నన్ను లోపలికి పిలిచారు.

పట్నాయక్ గారు కాగితం రెండుసార్లు చదివారు. తలుపు వేయమని అటెండరుకు చెప్పారు.

"మీ నిజాయితీని అభినందిస్తున్నాను. కానీ ఇది స్వీకరించలేను."

"ఎందుకండీ? నిజమే కదా."

"నిజం కాదని నేను అనడం లేదు. పర్యవసానం చూడండి. ఆ కొంగ సిమెంటుదైతే 412 మంది సిబ్బంది తప్పుడు సమాచారం అప్‌లోడ్ చేసినట్టు. 412 మెమోలు ఇవ్వాలి. ధ్రువీకరించిన పర్యవేక్షకులు ఇరవై ఆరుగురు. ఆపైన నేను. నాకు మెమో ఇవ్వాలంటే రాజధాని నుంచి రావాలి. అదే పక్షులు పోయాయనుకోండి, మెమో ఒక్కటి. అది ఇచ్చేశాం కూడా."

"తవిటయ్య ఏ తప్పూ చేయలేదండీ."

"వ్యక్తిగతంగా నాకూ అతనిపై సదభిప్రాయమే ఉంది."

"మరి దారి?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"పక్షులు సిమెంటువి కాకుండా, దొంగతనానికి గురి కాకుండా, ఇక్కడ లేకుండా ఉండే మార్గం ఒకటుంది. వలస. వలస పక్షులు వస్తాయి, పోతాయి. వాచర్ బాధ్యత ఉండదు. అయితే రికార్డుకు ఆధారం కావాలి. పక్షి వచ్చినట్టు మీ పత్రికా కథనం ఆధారంగానే నమోదు చేశాం. వెళ్లినట్టూ మీ కథనం ఆధారంగానే నమోదు చేస్తాం."

"నేను అబద్ధం రాయనండీ."

"రాశారు కదా."

బల్ల మీది వాంగ్మూలం వెనక్కి తీసుకున్నాను. ఆయన మర్యాదగా కాస్త ఆగారు.

"కథనంతో పాటు ఫొటో ఉండాలి" అన్నారు.

"వెళ్లిపోయిన పక్షిని ఎలా తీయమంటారు?"

"ఖాళీ తంపరను తీయండి. నీళ్లు, గడ్డి, పువ్వులు ఎన్నైనా ఉండొచ్చు. పక్షి మాత్రం ఉండకూడదు. ఒక్కటి ఉన్నా పైనుంచి అడుగుతారు, ఇది ఉండగా మిగతా 1,647 ఏవని. రేపటికి ఇస్తే ఎల్లుండి మెమో రద్దవుతుంది."

బయటికి వచ్చి తవిటయ్యకు చెప్పాను. అతను నా వాంగ్మూలం కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, చదవకుండానే మడతపెట్టి నా జేబులో పెట్టాడు.

"మీరూ నానూ కలిసి ఆళ్లతో నెగ్గలేం బావూ. పొద్దున్నే అయిదుకొచ్చేయండి. ఆ యేలకి నీళ్లల్లో నీడలు బాగుంటాయి."

మర్నాడు ఐదుకు గట్టెక్కాను. సిమెంటు కొంగ ఫ్రేములోకి రాకుండా దానికి వీపు పెట్టి నిలబడ్డాను. ఎదురుగా నీళ్లు, జమ్ము, కలువలు. ఉన్న పక్షుల్ని తవిటయ్య దూరంగా తోలుతానన్నాడు. పంతొమ్మిదేళ్లుగా పక్షుల్ని తోలేవాళ్లను తోలడమే అతని పని. తువ్వాలు ఊపుకుంటూ, "పోండర్రా, ఇయ్యాల్టికి పోండి" అంటూ గట్టెంట నడిచాడు. పక్షులు లేచాయి. నీళ్లు ఖాళీ అయ్యాయి. నేను కెమెరా ఎత్తాను.

అప్పుడు జమ్ములోంచి ఒక కొంగ లేచింది. ఎర్రకాళ్ల కొంగ. వేసవిలో అవి మా వైపు ఉండవని పుస్తకంలో ఉంది. నా వైపే వచ్చింది. రెక్కలు పూర్తిగా విప్పింది. కాళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. నా వేలు దానంతటదే నొక్కింది.

తెర మీద చూసుకున్నాను. ఈకలు లెక్కపెట్టవచ్చు. కారుతున్న నీటి చుక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. కంట్లో సూర్యుడున్నాడు. తవిటయ్య పరుగున వచ్చి నా భుజం మీద నుంచి చూశాడు.

"కొట్టినారు బావూ! బతికున్నదాన్నే కొట్టినారు!"

ఇద్దరం నవ్వాం. తర్వాత అతను నవ్వడం ఆపాడు. ఇంకోటి తీద్దామని చూస్తే తోలిన పక్షులన్నీ తిరిగొచ్చి వాలుతున్నాయి. అతను మళ్లీ తువ్వాలు ఎత్తబోయాడు. పొద్దున పదిన్నరకే ఆ పేజీ కట్టేస్తారు. అతని మెమోకు గడువు మూడు రోజులుంది.

"ఉండనీ తవిటయ్యా" అన్నాను.

గట్టు మీద కూర్చుని ఆ ఫొటోనే కత్తిరించాను. పైభాగం మొత్తం తీసేస్తే కొంగ పోయింది. నీళ్లు, జమ్ము, కలువలు మిగిలాయి. కాళ్ల నుంచి రాలిన చుక్కలు నీళ్ల మీద మూడు వలయాలుగా మిగిలాయి. వాటిని ఎవరూ గమనించరనుకున్నాను. గమనించలేదు. పూర్తి ఫొటో దాచుకుంటే ఎప్పుడో ఎవరికో చూపిస్తానని నా సంగతి నాకు తెలుసు. అందుకని దాన్ని చెరిపేశాను. తవిటయ్య అటు తిరిగి నిలబడ్డాడు.

శీర్షిక లింగమూర్తి పెట్టాడు: "వీడ్కోలు అరుణకంఠీ!" కింద నా వార్త: 1,648 అరుణకంఠులు వలస వెళ్లినట్టు అధికారులు తెలిపారు. ఎటు వెళ్లాయో రాయలేదు. అది ఒక్కటే నేను నిలుపుకున్న నియమం.

చెప్పిన మాట ప్రకారం మర్నాడు మెమో రద్దయింది. తవిటయ్య కాపలా కాస్తున్నాడు. ఆ మధ్యాహ్నం పట్నాయక్ గారు స్వయంగా ఫోన్ చేశారు.

"మీ ఫొటో చూశానండీ. చాలా బాగా తీశారు. భూతద్దం పెట్టి వెతికించాను. ఒక్క పక్షి కూడా లేదు."